ఎవరికీ అర్థం కాని నలభై సెకన్లు

ఆ విచారణ నివేదిక ఇప్పటికీ ఏదో ఒక సర్వర్‌లో భద్రంగానే ఉండి ఉంటుంది. మంచి ఇంగ్లీషు, పేజీ నంబర్లు, చివర సంతకాలు. మధ్యలో ఒకచోట ఇలాంటి వాక్యం ఒకటి ఉంటుంది: ఇక్కడ బృంద సభ్యులిద్దరూ తమ ఇంటి భాషలో మధ్యాహ్న భోజనం గురించి మాట్లాడుకున్నారు. నివేదికలో దాన్ని పట్టుకుని తేల్చినది తప్ప మిగతాదంతా నిజం. ఆ ఒక్క వాక్యం అబద్ధం. ఆ అబద్ధం చెప్పింది నేను.

ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్నవాళ్ల కోసం మీ అనుభవాలు రాయండి అని నన్ను అడిగినవాళ్లు బహుశా విజయగాథ ఒకటి ఆశించి ఉంటారు. అలాంటివి నా దగ్గర రెండు మూడు ఉన్నాయి. వాటిని పదవీ విరమణ సభలో మేనేజర్లే చెప్పేశారు. నా దగ్గర మిగిలింది ఇదొక్కటే.

మా ఆఫీసు కోయంబత్తూరులో, పీలమేడులో, ఒకప్పుడు నూలు మిల్లు ఉన్న స్థలంలో కట్టిన అద్దాల మేడ. ఇంగ్లండులోని ఒక బీమా కంపెనీ మెయిన్‌ఫ్రేమ్‌ని మేం ఇక్కణ్ణుంచి చూసుకునేవాళ్లం. నేను స్టోరేజీ బృందానికి లీడ్‌ని. అంటే డిస్కుల మీద ఏది ఎక్కడ ఉండాలో నిర్ణయించేవాణ్ణి. నా కింద పనిచేసేవాళ్లలో ఒకాయన నాకంటే పదేళ్లు పెద్ద. హోదాలో నేను పైన, పనిలో ఆయన పైన. ఆయన్ని అణ్ణా అనే పిలిచేవాణ్ణి, ఆయన నన్ను తంబీ, అంటే తమ్ముడూ, అనేవాడు. ఇక్కడా అలాగే రాస్తాను. పేరు ఎందుకు రాయడం లేదో తర్వాత చెబుతాను.

అణ్ణ కినత్తుకడవు నుంచి రోజూ రెండు బస్సులు మారి వచ్చేవాడు. కంప్యూటర్ల దగ్గరికి రాకముందు ఒక మిల్లు గోడౌన్‌లో లాట్ పుస్తకాలు రాశాడు. నేను చేరిన మొదటి వారంలో అమ్మతో ఫోన్లో మాట్లాడుతుంటే విని, నా కుర్చీ వెనక నిలబడ్డాడు.

"ఏం తంబీ, మనోడివేనా?"

"అవునణ్ణా. మీరు ఏ ఊరు?"

"ఊరు ఏదైతే ఏంది, మాట తెలిసిపోయింది. ఇంక ఈ మేడలో మనం ఎవుర్నైనా ఏమైనా అనొచ్చు."

అన్నాం కూడా. మేనేజరు టై గురించి, క్యాంటీన్ సాంబారు గురించి, ఎదుటివాడు నవ్వుతూ ఉండగానే వాడి గురించి. నాలుగైదు వందల ఏళ్లుగా తమిళం మధ్యలో నానిన మా తెలుగు బయటివాళ్లకు చిక్కదు. ఊరికే అనడానికి సుమ్మా అంటాం, తప్పకుండా అనడానికి కండిప్పా. పైగా అది మాట్లాడటానికే తప్ప రాయడానికి కాదు. నేను చదివింది తమిళంలో, అణ్ణ చదివింది తమిళంలో, ఉద్యోగం ఇంగ్లీషులో. తెలుగు అక్షరాలు మా ఇద్దరికీ రావు. కాన్ఫరెన్స్ కాల్‌లో అందరూ తమలో తాము మాట్లాడుకోవాలంటే మ్యూట్ నొక్కేవాళ్లు. మాకు ఆ అలవాటే లేదు. మా మాటే మాకు మ్యూట్.

ఇంకో అలవాటు కూడా ఉండేది, దాన్ని మర్యాద అనుకునేవాళ్లం. మనోడి తప్పు బయటివాళ్ల ముందు ఎత్తి చూపకూడదు. చెప్పాల్సి వస్తే ఇంటి మాటలో, గొంతు తగ్గించి, మొహం మామూలుగా పెట్టుకుని చెప్పాలి. మెయిల్లో రాయకూడదు, రాస్తే అది ఫిర్యాదు అవుతుంది. అణ్ణ నన్ను అలా ఎన్నిసార్లు కాపాడాడో లెక్కలేదు. ప్రతిసారీ తెల్లవాళ్ల ముందు నేను తెలివైనవాణ్ణిగానే మిగిలాను.

ఇప్పుడు కొంచెం సాంకేతికం. భయపడకండి, ఒక్క పేరానే.

మెయిన్‌ఫ్రేమ్ డిస్కుల మీద లక్షల ఫైళ్లుంటాయి. ఏ ఫైలు ఏ డిస్కు మీద ఉందో చెప్పే పుస్తకాన్ని క్యాటలాగ్ అంటారు. దాన్ని అణ్ణ తన గోడౌన్ భాషలో ఎంత బాగా చెప్పేవాడో నేను అంత బాగా చెప్పలేను. "నూలు బేళ్లు అరల్లో ఉంటాయి తంబీ, ఏ లాట్ ఏ అరలో ఉండాదో లాట్ పుస్తకంలో ఉంటుంది. పుస్తకం కాలిపోతే నూలు యాడికీ పోదు. పోయినట్టే లెక్క." మా క్లయింటుకి అలాంటి క్యాటలాగులు తొమ్మిది. పాలసీలకు ఒకటి, ఆస్పత్రి క్లెయిములకు ఒకటి, మేం లాగాన్ కావడానికి కావలసిన వాటికి ఒకటి, ఇలా. అణ్ణ ఉన్న మిల్లులో పుస్తకాలన్నీ మేనేజరు గదిలో ఒకే బీరువాలో పెట్టేవారట. ఒక వానకి ఆ గది కప్పు కారి అన్నీ ముద్దైపోయాయి. ఆ తర్వాత ఏ అర పుస్తకం ఆ అర దగ్గరే పెట్టించారు. అణ్ణ డిస్కుల విషయంలో కూడా అదే పట్టుబట్టేవాడు.

క్లయింటు కొత్త డిస్కులు కొన్నాడు. పాతవాటి నుంచి అన్నీ వాటిలోకి మార్చాలి. ఎక్కడ ఏది పెట్టాలో ప్లాన్ నాది. నేను తొమ్మిది క్యాటలాగుల్నీ ఒకే డిస్కు మీద పెట్టాను. క్యాటలాగుల కోసమే ఒక డిస్కు, దాని మీద ఇంకేమీ ఉండదు, ఎవరూ తాకరు, చూసుకోవడం సులువు. ఎక్సెల్‌లో రంగులేసి చూపిస్తే ముచ్చటగా ఉంది. అది తప్పని నాకు తెలియదా అంటే, పుస్తకంలో చదివాను. కానీ ఈ రోజుల్లో డిస్కు పాడవడం ఎక్కడుంది, లోపల ప్రతిదానికీ నకలు ఉంటుంది కదా అనుకున్నాను. యంత్రం పాడవదు సరే. మనిషి చెయ్యి జారితే? దాని గురించి ఆలోచించలేదు. ఆ ఏడాది ఇంగ్లండులో ఆరు నెలల పోస్టింగుకి ఒకర్ని పంపాలి. నేను ఆలోచిస్తున్నది దాని గురించి.

కాల్ మధ్యాహ్నం ఒకటిన్నరకు. వాళ్లకు అప్పుడే తెల్లారి ఆఫీసు మొదలయ్యేది, మాకు టిఫిన్ డబ్బాలు చల్లారేవి. నేను ప్లాన్ చూపించాను. క్లయింటు వైపు ఆయన చాలా శుభ్రంగా ఉందన్నాడు. అతను తన కాగితాలు వెతుక్కుంటున్న సమయంలో అణ్ణ నా వైపు తిరగకుండానే మాట్లాడాడు. నలభై సెకన్లు. ఏం చెప్పాడో మాటకు మాట చివర రాస్తాను. సారం ఇది: అన్నీ ఒకేచోట వద్దన్నాడు. నేను సరేనన్నాను. అంతలో క్లయింటు మళ్లీ మాట్లాడటం మొదలుపెట్టాడు.

సాయంత్రం ప్లాన్ కింద రివ్యూ చేసినవారి గడి నింపాలి. అణ్ణ బస్సుకి వెళ్తూ నా బల్ల దగ్గర ఆగాడు.

"మారుస్తావు కదా?"

"మారుస్తానణ్ణా. రంగులన్నీ మళ్లీ వెయ్యాల, అందుకే రేపు."

"సరి. అయితే నా పేరు ఇప్పుడే వేసేస్తా. రేపు నాకి సెలవు, అవినాశిలో పెండ్లి ఉండాది."

మారబోయే ప్లాన్ కింద, నా మాట మీద, ఆయన తన పేరు వేశాడు.

మర్నాడు పొద్దున్నే క్లయింటు నుంచి మెయిల్ వచ్చింది. ప్లాన్ బాగుందని, ఆమోదించామని, పైవాళ్లందరికీ నకలు పెట్టి. ఆ మెయిల్ కింద నేను "క్షమించాలి, దీన్ని మార్చాలి" అని రాయాలి. రెండు వాక్యాలు. మొదలుపెట్టి తుడిచేశాను. ఎల్లుండి రాద్దామనుకున్నాను. ఎల్లుండి వేరే పని వచ్చింది. అణ్ణ అడగలేదు. మనోడు మాటిచ్చాడు కదా, మళ్లీ అడిగితే నమ్మనట్టు ఉంటుందని.

మార్పిడి సాఫీగా జరిగింది. కొన్ని నెలలు ఏమీ కాలేదు. నేనే కరెక్టు అని కూడా అనిపించింది.

ఒక శనివారం ఉదయం, ఇంగ్లండు వైపు ఒకతను ఖాళీ డిస్కుల్ని తుడిచి సిద్ధం చేస్తూ జాబితాలో ఒక్క అంకె తప్పు కొట్టాడు. తుడిచింది నా ముచ్చటైన డిస్కుని. ఒక్క నిమిషంలో తొమ్మిది పుస్తకాలూ పోయాయి. ఫైళ్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి, ఒక్క అక్షరం చెడలేదు. కానీ ఏ ప్రోగ్రాము ఏది అడిగినా యంత్రం అలాంటిది లేదనే చెబుతోంది. మేం లాగాన్ కాలేకపోయాం. బ్యాకప్‌లు ఏ టేపు మీద ఉన్నాయో రాసినది కూడా ఆ తొమ్మిదింటిలోనే ఒకదానిలో ఉంది.

అణ్ణకి ఫోన్ చేశాను. ఎప్పుడూ బస్సులో వచ్చేవాడు ఆ రోజు పక్కింటివాళ్ల కారు తీసుకుని వచ్చాడు. అత్యవసరం కోసం దాచిన ఐడీ ఒకటుంది, దానితో లోపలికి వెళ్లి తెర వంక చూశాడు.

"ఏది పోయింది?"

"అన్నీ అణ్ణా."

"అన్నీ ఎట్లా పోతాయి?" అని నా వైపు చూశాడు. "మార్చలేదా?"

"లేదణ్ణా."

ఆయన తెర వైపు తిరిగాడు. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "సరి. ముందు క్లెయిములది తీద్దాం. ఆస్పత్రుల్లో జనం కూర్చుని ఉంటారు."

ఒకటి పోతే గంటా రెండు గంటల పని. తొమ్మిది ఒకేసారి పోతే, ఒకదాన్ని నిలబెట్టాలంటే ఇంకొకటి కావాలి, ఆ ఇంకొకటికి మరొకటి. ఆదివారం మధ్యాహ్నం దాకా పట్టింది. టేపుల నంబర్లు అణ్ణ ఒక పాత డైరీలో పెన్సిలుతో రాసుకుని ఉండకపోతే ఇంకెన్ని రోజులయ్యేదో. ఆ రెండు రోజుల్లో ఆయన నన్ను ఒక్కసారే ఎత్తిపొడిచాడు. అది కూడా ఇడ్లీ తింటూ.

"గుడిలో నవగ్రహాలు చూసినావు కదా తంబీ, ఒకే తిన్నె మీద ఉన్నా ఒక్కోటి ఒక్కో పక్కకి తిరిగి ఉంటాయి. నీ తొమ్మిదీ ఒకే పక్కకి పడుకున్నాయి."

నేను నవ్వాను. నవ్వడానికి నాకు హక్కు ఉందనే అనుకున్నాను అప్పటికి.

మూడో వారంలో విచారణ. పుణె నుంచి ఇద్దరు వచ్చారు, ఒక మగాయన, ఒక ఆవిడ. తెర మీద క్లయింటు మనిషి. తప్పు అంకె కొట్టినవాడి సంగతి వాళ్ల వైపు తేల్చుకున్నారు. మా దగ్గర వాళ్లకు కావలసింది వేరే: ఒక్క డిస్కు పోతే కంపెనీ మొత్తం ఎందుకు ఆగింది? ప్లాన్ గీసింది నేను. దానికి నేను సిద్ధంగానే ఉన్నాను. నాకు మందలింపు వస్తుంది, పోస్టింగు పోతుంది. కానీ ఆవిడ రివ్యూ గడి మీద వేలు పెట్టి అణ్ణను అడిగింది.

"మీకు ఇరవై ఏళ్ల అనుభవం. ఇది చూసి ఏ అభ్యంతరం లేకుండా ఎలా ఒప్పుకున్నారు?"

"అభ్యంతరం చెప్పాను మేడమ్. కాల్‌లోనే చెప్పాను."

క్లయింటుతో కాల్స్ అన్నీ రికార్డవుతాయి. ఆ రోజుది పెట్టారు. చిన్న గది, పెద్ద స్పీకరు. క్లయింటు గొంతు, కాగితాల చప్పుడు, తర్వాత అణ్ణ గొంతు, మెల్లగా, తొందరలేకుండా. చివర నా గొంతు. ఆవిడ మొహంలో ఏమీ కదల్లేదు. పుణె ఆయన ఇంకోసారి పెట్టమన్నాడు. మళ్లీ పెట్టారు. మూడోసారి కూడా.

"ఇది ఏం భాష?"

"మా ఇంటి భాష," అన్నాను. "ఒక రకం తెలుగు."

"ఏమంటున్నారు?"

ఆయన నన్ను అడిగాడు, అణ్ణను కాదు. నేను లీడ్‌ని కాబట్టి. పైగా అణ్ణ చెబితే తన తరఫున తను చెప్పుకున్నట్టు అవుతుంది.

ఆ ప్రశ్నకూ నా జవాబుకూ మధ్య ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. ఆలోచించి అబద్ధం చెప్పానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను, ఎందుకంటే ఆలోచించినవాడికి కనీసం ఒక కారణం ఉంటుంది. నిజానికి ఆలోచించలేదు. ఆ రికార్డింగులో అణ్ణ హెచ్చరిక ఒక్కటే కాదు, నా మాట కూడా ఉంది. నిజం చెబితే నేను తెలియక తప్పు చేసినవాణ్ణి కాను, తెలిసి, మాటిచ్చి, తప్పినవాణ్ణి. కిటికీలోంచి క్యాంటీన్ కనిపిస్తోంది. టైమ్ ఒకటి దాటింది.

"భోజనం గురించి సార్," అన్నాను. "కాల్ అయ్యాక ఎక్కడ తిందామని."

ఆవిడ అణ్ణ వైపు తిరిగింది. "నిజమేనా?"

కింద క్యాంటీన్‌లో అన్నం వడ్డించే అక్కది మా మాటే. ఆమెను పైకి పిలిచి వినిపిస్తే చాలు, రెండు నిమిషాల పని. అణ్ణకి అది తెలుసు. నాకూ తెలుసు. ఆయన నా వైపు చూశాడు. కోపంగా కాదు. ఒక లెక్క తప్పితే మళ్లీ మొదటి నుంచి చూసుకునేవాడి చూపు అది.

"ఆయన చెప్పారు కదా," అన్నాడు ఇంగ్లీషులో.

అంతే రాసుకున్నారు. అభ్యంతరం చెప్పానని అబద్ధమాడటం అణ్ణ మీద అదనపు తప్పు అయింది. వరండాలోకి వచ్చాం. అణ్ణ భుజానికి సంచి తగిలించుకుంటూ అన్నాడు:

"పొయ్యి భోంచెయ్యి తంబీ. దాని కోసమే కదా ఇదంతా."

నెలలోపే ఆయన చేత రాజీనామా రాయించుకున్నారు. ఆ వయసులో, ఆ నివేదికతో, ఇంకే ఆఫీసూ ఆయన్ని తీసుకోలేదు. కొత్త ప్లాన్ గీయమని నాకు చెప్పారు. ఆయన ఖాళీ చేసిన బల్ల డ్రాలో ఒక కాగితం దొరికింది. తొమ్మిది క్యాటలాగులు, తొమ్మిది వేర్వేరు చోట్లు, ఒక్కోదాని పక్కన కారణం. దాన్నే టైపు చేశాను. రంగులు వేశాను. కింద నా పేరు పెట్టాను. క్లయింటుకు నచ్చింది. పాఠం నేర్చుకున్న లీడ్ అని మెచ్చుకుని నన్ను ఆరు నెలలు ఇంగ్లండు పంపారు. అక్కడ వాన తప్ప చెప్పుకోదగ్గది ఏమీ లేదు.

ఇదంతా జరిగి పదమూడేళ్లు దాటింది. క్లయింటు మెయిన్‌ఫ్రేమ్ వదిలేశాడు. ఆఫీసు మమ్మల్ని వదిలేసింది. ముందస్తు విరమణ అని దానికి గౌరవమైన పేరు. పని పోయాక నేను చేసిన ఒకే ఒక్క కొత్త పని తెలుగు అక్షరాలు నేర్చుకోవడం. ఆ నలభై సెకన్లు నాకు నోటికి వచ్చు, మూడుసార్లు విన్నాను కదా. తమిళ లిపిలో రాసి చూశాను, ఇంగ్లీషు లిపిలో రాసి చూశాను. రెండింటిలోనూ అది ఎవరో పరాయివాడు మాట్లాడినట్టుంది.

పోయిన ఏడాది పీలమేడులో ఒక పెండ్లిలో పంక్తిలో కూర్చుంటే, నా పక్కన ఖాళీగా ఉన్న ఆకు ముందు ఎవరో వచ్చి కూర్చున్నారు. చూస్తే అణ్ణ. జుట్టంతా తెల్లబడింది. చేతులు కొబ్బరితోట చేతులు.

"ఏం తంబీ, మొహం అట్లా పెట్టినావు? ఇక్కడ రికార్డింగు లేదులే. మాట్లాడు."

పన్నెండేళ్లు మోసిన ప్రశ్న అడిగాను. "ఆ రోజు క్యాంటీన్ అక్కను ఎందుకు పిలవలేదణ్ణా?"

అణ్ణ పప్పు కలుపుకున్నాడు. "పిలిచుంటే నువ్వు ఆ అక్క ముందర ఏమైపోయుందువు? రోజూ ఆమె చేతి అన్నం తినాల్సినోడివి."

"మీరు ఏమైపోయారు మరి?"

"నాకి తోట ఉండాది. పోయింది పనే కదా అని చెప్పుకున్నా. ఒకటి మాత్రం అరగలేదు తంబీ. నన్ను అబద్ధాలకోరు అని రాసినారే, అది. నా కొడుకు అడిగినాడు, నిజంగా చెప్పినావా నాయనా అని. చెప్పినాన్రా అన్నా. వాడు సరే అన్నాడు. నమ్మినాడో లేదో ఈ రోజు దాకా తెలీదు."

అప్పుడే చెప్పాను, ఇది రాస్తానని.

"ఏ భాషలో?"

"మన మాటలో. అక్షరాలు నేర్చుకున్నాను."

ఆయన గట్టిగా నవ్వాడు, వడ్డించేవాడు ఆగి చూసేంత. "మనోళ్లలో చదివేవాళ్లు ఎవురు తంబీ? సరి, రాయి. నా పేరు మాత్రం వెయ్యొద్దు. పేరు వేస్తే ఏమవుతుందో ఒకతూరి చూసినా కదా." ఆకు మడుస్తూ ఇంకో మాట అన్నాడు. "రాసేది మొత్తం రాయి. నా మాట రాసి, నీ మాట మింగెయ్యొద్దు."

కాబట్టి పేరు లేదు. పేరు రాయకుండా ఒక మనిషి పేరు ఎలా నిలబెట్టాలో నాకు తెలియదు. కినత్తుకడవులో ఆయన కొడుకు ఉన్నాడు, తెలుగు చదవలేడు. నేను వెళ్లి చదివి వినిపిస్తాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన మీకు, క్యాటలాగులన్నీ ఒకేచోట పెట్టకూడదని ఏ మాన్యువల్ అయినా చెబుతుంది, దానికి నేను అక్కర్లేదు. ఆ రోజు గదిలో ఆ ఇద్దరూ నన్ను అడిగిన ప్రశ్నకు నేను ఇవ్వాల్సిన జవాబు ఇది. ఆలస్యమైంది.

"తంబీ, వాళ్ల మొహమే చూస్తా విను. తొమ్మిదీ ఒకే దాంట్లో పెట్టేసినావు. వద్దు. ఎవుడో ఒకడు చెయ్యి జారి దాన్ని తుడిచేస్తే కంపెనీ మొత్తం గుడ్డిదైపోతుంది. ఏ పుస్తకం ఆ అర దగ్గరే ఉండాల. తొమ్మిదింటికీ చోట్లు నేను రాసి పెట్టినా, నా డ్రాలో ఉండాది, తీసుకో. ఇప్పుడు వాళ్ల ముందర మార్చేదానికి నీకి సిగ్గుగా ఉంటే సుమ్మా ఉండు. రేపు మెయిల్ పెట్టు. రివ్యూ చేసినాయన ముందే సరిగ్గా చూళ్లేదు, తప్పు ఆయనదే అని నా మీద వేసెయ్యి. నాకేం పోతుంది. లండన్ పొయ్యేవాడివి నువ్వు."

"సరేణ్ణా. రేపు కండిప్పా మార్చేస్తా."